గేమ్ కన్సోళ్ళ కీబోర్డు అనుబంధాలు

గేమ్ కన్సోళ్ళ కీబోర్డు అనుబంధాలు అనగా టీవీకి తగిలించి ఆడుకొనే వీడియో గేమ్ కన్సోళ్ళను గృహ కంప్యూటర్లుగా మార్చడానికి ఉద్దేశించిన పరికరాలు. ఇవి 1970ల చివరి నుండి 1980ల మధ్య వరకు ప్రధానంగా అమెరికా, జపాను, ఐరోపా దేశాలలో తయారయ్యాయి. సాధారణంగా ఇటువంటి పరికరంలో అక్షరాల మీటలు గల కీబోర్డు, అదనపు మెమరీ, బేసిక్ భాషను అర్థం చేసుకొనే ప్రోగ్రాము, ప్రోగ్రాములను దాచుకోవడానికి క్యాసెట్టు రికార్డరుతో అనుసంధానం ఉండేవి. ఏపీఎఫ్ సంస్థ ఇమాజినేషన్ మెషిన్, మ్యాటెల్ సంస్థ ఇంటెలివిజన్ కన్సోలుకు తయారుచేసిన కీబోర్డు కాంపొనెంటు, కొలెకో సంస్థ ఆడమ్, నింటెండో సంస్థ ఫ్యామిలీ బేసిక్, సెగా సంస్థ ఎస్‌కే-1100 వీటిలో ముఖ్యమైనవి.

వీటిలో అధిక భాగం వ్యాపారపరంగా విఫలమయ్యాయి. కొన్ని ప్రకటనలకే పరిమితమై దుకాణాలకు రానేలేదు. అయినప్పటికీ ఇవి వేలాది పిల్లలకు ప్రోగ్రామింగుతో తొలి పరిచయం కలిగించాయి. ఆ తరువాత 1990లలో చైనాలోను, భారతదేశంతో సహా అనేక ఇతర దేశాలలోను ఇదే ఆలోచన చవక కీబోర్డు యంత్రాల రూపంలో మళ్ళీ తలెత్తింది.

నేపథ్యం

1977వ సంవత్సరంలో అమెరికాలో రెండు రకాల యంత్రాలు దాదాపు ఒకేసారి ఇళ్ళలోకి ప్రవేశించాయి. ఒకటి అటారీ వీసీఎస్ వంటి గేమ్ కన్సోలు. తరువాతి కాలంలో అటారీ 2600గా పేరు మార్చుకున్న దీని ధర సుమారు 200 డాలర్లు. రెండవది వ్యక్తిగత కంప్యూటరు. అదే సంవత్సరం వచ్చిన యాపిల్ 2 ధర 4 కిలోబైట్ల మెమరీతో 1,298 డాలర్లు, టీఆర్ఎస్-80 ధర తెరతో కలిపి సుమారు 600 డాలర్లు. ఈ రెండు రకాల యంత్రాలలోను ఉన్న ముఖ్య భాగం ఒకటే, అది మైక్రోప్రాసెసరు. యాపిల్ 2 లోని 6502 ప్రాసెసరుకు చవక రూపమైన 6507ను అటారీ తన కన్సోలులో వాడింది.

అందువలన, ప్రాసెసరు, టీవీ తెరపై బొమ్మ గీసే చిప్పు ఇప్పటికే కన్సోలులో ఉన్నాయి కనుక కీబోర్డు, మెమరీ మాత్రం కొంటే చాలునన్న వాదన కొనుగోలుదారులకు సహజంగానే నచ్చింది. ఆటల కోసం డబ్బు ఖర్చు పెట్టడానికి వెనుకాడే తల్లిదండ్రులకు "ఇది రేపు చదువుకు కూడా పనికివస్తుంది" అన్న మాట ఒక భరోసాగా ఉండేది. 1980ల ఆరంభంలో కంప్యూటరు తయారీదారులు ఈ భావననే తమకు అనుకూలంగా వాడుకున్నారు. కమొడోర్ సంస్థ తన విక్-20 కంప్యూటరు ప్రకటనలలో నటుడు విలియం షాట్నర్ చేత కేవలం ఆటల పెట్టెనే ఎందుకు కొనాలి అని అడిగించింది. కన్సోలు సంస్థలకు దీనికి జవాబు చెప్పుకోవలసిన అవసరం ఏర్పడింది. కీబోర్డు అనుబంధమే ఆ జవాబు.

పనిచేసే విధానం

గేమ్ కన్సోలును కంప్యూటరుగా మార్చాలంటే దానిలో లేని నాలుగు అంశాలను చేర్చవలసి ఉంటుంది.

అక్షరాల ప్రవేశం: కీబోర్డులోని ప్రతి మీటకు ప్రత్యేకంగా ఒక తీగ ఉండదు. మీటలను అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా అమర్చి, ప్రాసెసరు ఒక్కొక్క అడ్డు వరుసను ఎంచుకుంటూ ఏ నిలువు వరుసలో సంకేతం వచ్చిందో చూస్తుంది. ఉదాహరణకు ఫ్యామిలీ బేసిక్ కీబోర్డు 9 అడ్డు వరుసలు, 8 నిలువు వరుసలుగా 72 మీటలతో అమర్చబడింది. ఈ పద్ధతి వలన కొద్దిపాటి తీగలు గల ఆట కంట్రోలరు రంధ్రం ద్వారా కూడా పూర్తి కీబోర్డును చదవడం సాధ్యమైంది.

అదనపు మెమరీ: ఆట అంతా కార్ట్రిడ్జ్‌లోని రోమ్ చిప్పులో శాశ్వతంగా ఉంటుంది. కనుక కన్సోలులో ర్యామ్ అతి స్వల్పంగా ఉండేది. అటారీ 2600లో ఉన్నది 128 బైట్లు మాత్రమే. వినియోగదారుడు స్వయంగా ప్రోగ్రాము రాయాలంటే దానిని నిలుపుకోవడానికి ర్యామ్ కావాలి. ఆ రోజులలో యంత్రం మొత్తంలో ఖరీదైన భాగాలలో ర్యామ్ ఒకటి.

భాష: చాలా పరికరాలలో బేసిక్ భాషను రోమ్‌లో ఇచ్చేవారు. యంత్రాన్ని ఆన్ చేసిన వెంటనే ఆజ్ఞలు టైపు చేయవచ్చు.

నిల్వ: విద్యుత్తు ఆపివేస్తే ర్యామ్‌లోని ప్రోగ్రాము చెరిగిపోతుంది. దానిని దాచడానికి మామూలు పాటల క్యాసెట్టునే వాడేవారు. 0, 1 అంకెలను రెండు వేర్వేరు ధ్వనులుగా మార్చి టేపుపై రికార్డు చేసి, మళ్ళీ వినిపించినప్పుడు ఆ ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చడం ఇందులోని సూత్రం.

ఈ అనుబంధాలను కన్సోలుకు కలిపే మార్గాలు మూడు. కార్ట్రిడ్జ్ రంధ్రం ద్వారా కలపడం మొదటిది. తయారీ సమయంలోనే విడిచిపెట్టిన ప్రత్యేక విస్తరణ రంధ్రం ద్వారా కలపడం రెండవది. అనుబంధంలోనే వేరొక ప్రాసెసరును ఉంచి, కన్సోలును బొమ్మలు, ధ్వనుల కోసం మాత్రమే వాడుకోవడం మూడవది. మూడవ పద్ధతి శక్తివంతమైనది. అయితే ధరలో అది విడి కంప్యూటరుకు సమానమయ్యేది.

తొలి ప్రయత్నాలు

1978లో మాగ్నవాక్స్ సంస్థ విడుదల చేసిన ఒడిస్సీ 2 కన్సోలులో 49 మీటల పొర కీబోర్డు పెట్టెలోనే అమర్చబడి ఉండేది. దీని కోసం 1979లో వచ్చిన కంప్యూటర్ ఇంట్రో కార్ట్రిడ్జ్ ద్వారా యంత్ర భాషను పోలిన చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవచ్చు. ఐరోపాలో ఇదే కన్సోలును ఫిలిప్స్ సంస్థ వీడియోప్యాక్ జీ7000 పేరిట అమ్మింది. 1983లో వీడియోప్యాక్ యంత్రాలకు సీ7420 అనే మాడ్యూలును ఫిలిప్స్ అందించింది. అందులో సొంత జెడ్80 ప్రాసెసరు, మైక్రోసాఫ్ట్ బేసిక్ ఉండేవి.

బాలీ సంస్థ ప్రొఫెషనల్ ఆర్కేడ్ కన్సోలుకు అసలు కీబోర్డే లేదు. కాలిక్యులేటరును పోలిన 24 మీటల పలకతోనే 1978లో బాలీ బేసిక్ విడుదలైంది. ఒక్కొక్క మీటకు పలు అర్థాలు కల్పించి, రంగు మీటలను ముందుగా నొక్కడం ద్వారా అక్షరాలను ఎంచుకొనేవారు. ఈ యంత్రంలోని 4 కిలోబైట్ల ర్యామ్ మొత్తం తెరపై బొమ్మకే సరిపోయేది. అందువలన ప్రోగ్రామును తెర మెమరీలోనే, బొమ్మకు చెందిన బిట్ల మధ్య దాచి, ఆ బిట్లు కంటికి కనబడకుండా రంగులను ఎంపిక చేశారు. ఈ ఉపాయంతో సుమారు 1,800 బైట్ల ప్రోగ్రాము రాయడానికి వీలయింది.

ఏపీఎఫ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1978లో ఎంపీ1000 అనే కన్సోలును, 1979లో దానిని లోపల అమర్చుకొనే కీబోర్డు యూనిట్‌ను తెచ్చింది. ఈ రెండింటినీ కలిపి ఇమాజినేషన్ మెషిన్ అని పిలిచారు. నిజమైన టైపురైటరు వంటి మీటలు, క్యాసెట్టు యంత్రం, 8 కిలోబైట్ల అదనపు ర్యామ్ ఇందులో ఉండేవి. కన్సోలును పూర్తి స్థాయి కంప్యూటరుగా మార్చిన తొలి వ్యవస్థలలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు.

అటారీ 2600 కోసం వారెన్ రాబినెట్ రాసిన బేసిక్ ప్రోగ్రామింగ్ కార్ట్రిడ్జ్ ఈ ప్రయత్నాలలో అత్యంత పరిమితమైనది. కన్సోలు మెమరీ 128 బైట్లు మాత్రమే కావడంతో ప్రోగ్రాము 64 అక్షరాలకు మించరాదు. ఈ లోపాన్ని కొంత సవరించే పరికరం 1983లో స్పెక్ట్రావీడియో సంస్థ నుండి వచ్చింది. కంప్యుమేట్ అనే ఈ 42 మీటల పొర కీబోర్డు అటారీ కన్సోలు పైనే కూర్చునేది. ఇందులో 2 కిలోబైట్ల ర్యామ్, 16 కిలోబైట్ల రోమ్ ఉండేవి. బేసిక్‌తో పాటు బొమ్మలు గీసే ప్రోగ్రాము, సంగీతం కూర్చే ప్రోగ్రాము కూడా ఉండేవి. అటారీ సంస్థ తానే మై ఫస్ట్ కంప్యూటర్ అనే కీబోర్డును 1983లో ప్రకటించింది కాని అది మార్కెట్టుకు రాలేదు.

ఇంటెలివిజన్ కీబోర్డు వివాదం

మ్యాటెల్ సంస్థ 1979లో ప్రయోగాత్మకంగా, 1980లో అమెరికా అంతటా విడుదల చేసిన ఇంటెలివిజన్ కన్సోలును మాస్టర్ కాంపొనెంటు అని పిలిచేవారు. అది ఒక పెద్ద వ్యవస్థలోని మొదటి భాగమనీ, త్వరలో రాబోయే కీబోర్డు కాంపొనెంటును కలిపితే పూర్తి కంప్యూటరు అవుతుందనీ ప్రకటనలలో చెప్పారు. అనేక కుటుంబాలు ఆ నమ్మకంతోనే కన్సోలును కొన్నాయి.

డేవిడ్ చాండ్లర్ బృందం రూపొందించిన ఈ కీబోర్డులో ప్రత్యేక 6502 ప్రాసెసరు, మైక్రోసాఫ్ట్ బేసిక్, ప్రాసెసరు ఆజ్ఞలతో నడిచే టేపు యంత్రం ఉన్నాయి. టేపులో సమాచారంతో పాటు మనిషి గొంతు కూడా రికార్డయి ఉండేది. ఫ్రెంచి సంభాషణ నేర్పే పాఠం ఈ సదుపాయాన్ని వాడుకుంది. సాంకేతికంగా ఇది తన కాలానికి ముందున్న యంత్రమే. కాని తయారీ ఖర్చు ఆశించిన ధరకు తగ్గలేదు. కొన్ని పట్టణాలలో పరీక్షగా అమ్మినప్పటికీ, దేశవ్యాప్త విడుదల సంవత్సరం వెంట సంవత్సరం వాయిదా పడింది. 1981లో సంస్థ క్రిస్మస్ విందుకు వచ్చిన హాస్యనటుడు జే లెనో, వసంతానికి కీబోర్డు వచ్చేస్తుందన్న మాటను లోకంలోని గొప్ప అబద్ధాలలో ఒకటిగా చేర్చి ఉద్యోగులను నవ్వించాడు.

ప్రకటనలను నమ్మి మోసపోయామని వినియోగదారులు చేసిన ఫిర్యాదులపై అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి, వాగ్దానం నెరవేరే వరకు మ్యాటెల్‌పై జరిమానా విధించింది. 1982 చివరలో సంస్థ ఈ కీబోర్డును రద్దు చేసింది. అప్పటికి తయారైన యూనిట్లు సుమారు 4,000 మాత్రమే. వాటిని కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వజూపింది. తమ వద్దే ఉంచుకుంటామన్నవారు ఇకపై సహాయం కోరబోమని అంగీకార పత్రంపై సంతకం చేయవలసి వచ్చింది.

దీని స్థానంలో సంస్థలోని మరొక బృందం తక్కువ ఖర్చుతో తయారుచేసిన ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటర్ సిస్టమ్ 1983లో వెలువడింది. 2 కిలోబైట్ల ర్యామ్, చిన్న మీటల కీబోర్డు, అదనపు ధ్వని చిప్పు ఇందులోని భాగాలు. 49 మెట్ల సంగీత కీబోర్డును కూడా దీనికి తగిలించవచ్చు. ఆ సంగీత కీబోర్డు కోసం వెలువడిన కార్ట్రిడ్జ్ మెలొడీ బ్లాస్టర్ ఒక్కటే. చట్టపరమైన వాగ్దానం తీర్చడమే దీని ప్రధాన ప్రయోజనంగా మిగిలింది. 1984 ఆరంభంలో మ్యాటెల్ తన ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని మూసివేసింది.

కొలెకో ఆడమ్

1982లో వచ్చిన కొలెకోవిజన్ కన్సోలు ముందు భాగంలో విస్తరణ రంధ్రం ఉండేది. ఈ రంధ్రానికి తగిలించే మూడవ విస్తరణ మాడ్యూలుగా ఆడమ్‌ను కొలెకో సంస్థ 1983 జూన్‌లో ప్రకటించింది. కన్సోలు లేనివారి కోసం విడి కంప్యూటరుగా కూడా దీనిని అమ్మింది. జెడ్80 ప్రాసెసరు, 64 కిలోబైట్ల ర్యామ్, వేగవంతమైన టేపు యంత్రం, స్మార్ట్‌బేసిక్, పదాలను కూర్చి ఉత్తరాలు రాసుకొనే సదుపాయం, ప్రింటరు అన్నీ కలిపి ఒకే పెట్టెలో అందించడం దీని ప్రత్యేకత. పనితనంలో నిజమైన కంప్యూటరుకు సాటిరాగల కన్సోలు అనుబంధం ఇదేనని చెప్పవచ్చు.

అయితే తయారీలో తొందరపాటు దీనిని దెబ్బతీసింది. వ్యవస్థ మొత్తానికి విద్యుత్తును సరఫరా చేసే భాగాన్ని ప్రింటరులో అమర్చారు. కనుక ప్రింటరు చెడిపోతే కంప్యూటరు కూడా పనిచేయదు. ఆన్ చేసిన క్షణంలో పుట్టే విద్యుదయస్కాంత తరంగం టేపు యంత్రంలో గాని, దాని సమీపంలో గాని ఉన్న టేపులలోని సమాచారాన్ని చెరిపివేసే అవకాశం ఉండేది. 1983 క్రిస్మస్ నాటికి 5 లక్షల యూనిట్లు అమ్మాలన్నది సంస్థ లక్ష్యం కాగా, లక్షకు లోపే దుకాణాలకు చేరాయి. చేరినవాటిలో అనేకం లోపాలతో తిరిగి వచ్చాయి. 1985 జనవరిలో ఆడమ్ ఉత్పత్తిని నిలిపివేశారు. క్యాబేజ్ ప్యాచ్ బొమ్మల అమ్మకాలు కొంతకాలం సంస్థను నిలబెట్టినా, 1988లో కొలెకో దివాలా తీసింది.

జపానులో

నింటెండో ఫ్యామిలీ కంప్యూటరు, సెగా ఎస్‌జీ-1000 కన్సోలు 1983 జూలై 15న ఒకే రోజున జపానులో విడుదలయ్యాయి. సెగా అదే రోజున ఎస్‌సీ-3000 అనే కీబోర్డు గల కంప్యూటరును కూడా విడుదల చేసింది. ఆ తరువాత ఎస్‌కే-1100 కీబోర్డు ద్వారా కన్సోలును కూడా దాదాపు అదే స్థాయికి తీసుకురావడానికి వీలు కల్పించింది.

నింటెండో యంత్రం పేరులోనే కంప్యూటరు ఉన్నప్పటికీ దానిని ఆటల కోసమే నిర్మించారు. 1984 జూన్‌లో షార్ప్, హడ్సన్ సాఫ్ట్ సంస్థల సహకారంతో ఫ్యామిలీ బేసిక్ వచ్చింది. కార్ట్రిడ్జ్, కీబోర్డు కలిపి 14,800 యెన్లు, అనగా కన్సోలు ధర ఎంతో అంతే. కటకానా, రోమన్ అక్షరాలు రెండూ ఈ కీబోర్డులో ఉండేవి. మారియో వంటి పాత్రల బొమ్మలు ముందే సిద్ధంగా ఉండటంతో పిల్లలు కొద్ది వరుసల ప్రోగ్రాముతోనే తెరపై పాత్రను నడిపించగలిగేవారు. మొదటి రూపంలో ర్యామ్ 2 కిలోబైట్లు, 1985లో వచ్చిన వీ3 రూపంలో 4 కిలోబైట్లు. కీబోర్డుకు డేటా రికార్డరు అనే క్యాసెట్టు యంత్రాన్ని తగిలించేవారు. ఎక్సైట్‌బైక్ ఆటలో ఆటగాడు తయారుచేసిన దారులను ఈ రికార్డరుతోనే దాచుకోవచ్చు. అమెరికాలో రికార్డరును అమ్మలేదు. కనుక అక్కడి ఎక్సైట్‌బైక్‌లో దాచుకొనే మెనూ కనిపించినా పనిచేయదు. పోకేమాన్ సృష్టికర్త సతోషి తజిరి ఈ యంత్రపు పనితీరును ఫ్యామిలీ బేసిక్ సాయంతోనే అర్థం చేసుకున్నాడు.

1985 జనవరిలో నింటెండో అమెరికా ప్రదర్శనలో కీబోర్డు, టేపు యంత్రం, సంగీత కీబోర్డు గల అడ్వాన్స్‌డ్ వీడియో సిస్టమ్‌ను చూపింది. వ్యాపారుల నుండి ఆసక్తి కనబడకపోవడంతో అదే సంవత్సరం చివరలో కీబోర్డు లేని కన్సోలును మాత్రమే అమ్మకానికి పెట్టింది.

వైఫల్యానికి కారణాలు

ధరల యుద్ధం: 1982లో 595 డాలర్లకు వచ్చిన కమొడోర్ 64 కంప్యూటరు ధర 1983లో సుమారు 200 డాలర్లకు పడిపోయింది. అందులో 64 కిలోబైట్ల ర్యామ్, మంచి కీబోర్డు ఉండేవి. అదే ధరకో, అంతకంటే ఎక్కువకో 2 కిలోబైట్ల అనుబంధం కొనడంలో అర్థం లేకపోయింది.

చీలిన మార్కెట్టు: కన్సోలు ఉన్నవారిలో కొద్దిమందే అనుబంధాన్ని కొనేవారు. ఆ కొద్దిమంది కోసం ప్రోగ్రాములు రాయడం సాఫ్ట్‌వేరు సంస్థలకు గిట్టుబాటు కాదు. ప్రోగ్రాములు లేవు కనుక మిగిలినవారు అనుబంధాన్ని కొనరు.

పునాదిలోని పరిమితి: ఆటల కోసం ఖర్చు తగ్గించి నిర్మించిన చిప్పులు తెరపై ఎక్కువ అక్షరాలను చూపలేవు. టీవీ తెరపై వరుసకు 20 నుండి 40 అక్షరాలు మాత్రమే కనబడే యంత్రంపై ఉత్తరం రాయడం కష్టం. పొర కీబోర్డులపై వేగంగా టైపు చేయడం సాధ్యం కాదు.

1983 సంక్షోభం: అమెరికా వీడియో గేమ్ పరిశ్రమ ఆ సంవత్సరం కుప్పకూలింది. అటారీ, మ్యాటెల్, కొలెకో మూడూ భారీ నష్టాల పాలయ్యాయి. ప్రకటించిన అనేక అనుబంధాలు మధ్యలోనే ఆగిపోయాయి.

చైనా అధ్యయన యంత్రాలు

విఫలమైన ఈ ఆలోచన 1990లలో చైనాలో విజయవంతమైంది. అక్కడి సుబోర్ సంస్థ నింటెండో ఫ్యామిలీ కంప్యూటరు నకలును కీబోర్డులోనే అమర్చి, అధ్యయన యంత్రం పేరుతో అమ్మింది. ఫ్యామిలీ బేసిక్‌ను పోలిన బేసిక్, టైపింగు అభ్యాసం, ఆటలు కార్ట్రిడ్జ్‌లో ఉండేవి. ప్రకటనలలో నటుడు జాకీ చాన్ కనిపించాడు. వ్యక్తిగత కంప్యూటరు కొనలేని తల్లిదండ్రులకు ఇది చదువు వస్తువు, పిల్లలకు ఆట వస్తువు. ఈ సంస్థను నడిపిన దువాన్ యోంగ్‌పింగ్ 1995లో బయటకు వచ్చి బీబీకే సంస్థను స్థాపించాడు. నేడు తెలుగు పట్టణాలలో ఊరూరా కనబడే ఒప్పో, వివో సెల్‌ఫోన్ల సంస్థలు బీబీకే నుండి పుట్టినవే.

భారతదేశంలో

1970ల చివర, 1980ల ఆరంభంలో పై పరికరాలేవీ సామాన్య భారతీయ కుటుంబానికి అందుబాటులో లేవు. దిగుమతి సుంకాలు అధికంగా ఉండేవి. 1984 నవంబరు నాటి కంప్యూటరు విధానం సుంకాలను తగ్గించింది. హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) టీడీసీ శ్రేణి కంప్యూటర్లను, టీవీలను కూడా తయారుచేసింది. అయితే ఆ కంప్యూటర్లు పరిశోధన సంస్థలు, కార్యాలయాల కోసం ఉద్దేశించినవి. హైదరాబాదులో దూరదర్శన్ ప్రసారాలు 1977లో మొదలయ్యాయి, రంగుల ప్రసారాలు దేశంలో 1982లో వచ్చాయి. ఇంటింటా టీవీ చేరనిదే టీవీకి తగిలించే కన్సోలుకు చోటు లేదు.

హైదరాబాదులో పెరిగిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ, తనకు 15 ఏళ్ళ వయసులో తండ్రి బ్యాంకాక్ నుండి జెడ్80 ప్రాసెసరు గల కంప్యూటరు కిట్టు తెచ్చి ఇచ్చిన సంగతిని 2017లో ప్రచురించిన హిట్ రిఫ్రెష్ గ్రంథంలో చెప్పుకున్నాడు. విదేశాలకు వెళ్ళివచ్చే కుటుంబాలకు మాత్రమే అటువంటి అవకాశం ఉండేది. ప్రభుత్వం 1984-85లో క్లాస్ పథకం కింద తొలిదశలో సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను అందించింది. 1980ల చివర పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ ఆధారిత గృహ కంప్యూటరును అమ్మింది.

1991 ఆర్థిక సరళీకరణ తరువాత నింటెండో నకలు కన్సోళ్ళు దేశమంతటా విస్తరించాయి. సమురాయ్ వంటి పేర్లతో అమ్ముడైన ఈ పెట్టెలను తెలుగునాట సాధారణంగా టీవీ వీడియో గేమ్ అని పిలిచేవారు. ఆ తరువాత కీబోర్డు ఆకారంలోని నకళ్ళు కూడా వచ్చాయి. టైపింగు ఆటలు, బేసిక్ గల కార్ట్రిడ్జ్ వాటితో ఇచ్చేవారు. కంప్యూటరు కొనలేని ఇళ్ళలో పిల్లలు కీబోర్డుపై వేళ్ళు పెట్టడం అలవాటు చేసుకున్నది అనేకచోట్ల వీటి మీదే.

ఇటువంటి 12 డాలర్ల యంత్రాన్ని భారతీయ బజారులో చూసిన అమెరికా పరిశోధకుడు డెరెక్ లోమస్, మరికొందరితో కలిసి 2008 ప్రాంతంలో ప్లేపవర్ అనే పథకాన్ని ప్రారంభించాడు. పేద పిల్లల చదువుకు ఉపకరించే ఆటలను ఈ 8 బిట్ల యంత్రాల కోసం తయారుచేయడం దీని ఉద్దేశం. 2009లో దీనికి మెక్ఆర్థర్ ఫౌండేషన్ ఆర్థిక సహాయం లభించింది. టచ్ తెర గల చవక ఫోన్లు, టాబ్లెట్లు రావడంతో కీబోర్డు కన్సోళ్ళకు ప్రాధాన్యం తగ్గింది.

తెలుగు లిపి సమస్య

ఫ్యామిలీ కంప్యూటరు, దాని నకళ్ళు అక్షరాన్ని 8 అడ్డు చుక్కలు, 8 నిలువు చుక్కల గడిలో చూపుతాయి. ఒక నేపథ్య చిత్రానికి సాధారణంగా 256 గడులకు మించి బొమ్మలు దొరకవు. రోమన్ అక్షరాలకు, జపాను కటకానాకు ఈ ఏర్పాటు చాలును. తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము అక్షరానికి పైన, పక్కన చేరితే, వత్తులు కింద చేరతాయి. "స్త్రీ" వంటి సంయుక్తాక్షరం 8 చుక్కల ఎత్తులో ఇమడదు. గుణింతాలు, వత్తుల కలయికలన్నిటికీ విడి గడులు కేటాయించాలంటే 256 సరిపోవు.

ఈ కారణంగా చవక కీబోర్డు యంత్రంపై తెలుగు పిల్లవాడు నేర్చినది ఆంగ్ల అక్షరాల టైపింగే. అదే కాలంలో భారతీయ లిపుల కోసం వేరే మార్గంలో పని జరిగింది. ఐఐటీ కాన్పూరులో మొదలై సీడాక్ సంస్థలో కొనసాగిన జిస్ట్ సాంకేతికత వ్యక్తిగత కంప్యూటర్లకు అదనపు కార్డు ద్వారా తెలుగును అందించింది. 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక రూపొందింది. 1991లో యూనీకోడ్ తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించింది. వీటి ఫలితం సామాన్యుడి ఇంటికి చేరినది మాత్రం చవక ఫోన్ల ద్వారానే.

తదుపరి కాలంలో

అటారీ సంస్థ 1987లో విడుదల చేసిన ఎక్స్ఈ గేమ్ సిస్టమ్ విడదీయగల కీబోర్డుతో వచ్చింది. ఇది నిజానికి 65ఎక్స్ఈ కంప్యూటరుకు కన్సోలు రూపం. 1994లో అమిగా సీడీ32 కన్సోలును కంప్యూటరుగా మార్చే ఎస్ఎక్స్-1 మాడ్యూలు వచ్చింది. 2002లో సోనీ ప్లేస్టేషన్ 2 కోసం కీబోర్డు, మౌసు, 40 గిగాబైట్ల హార్డ్ డిస్కుతో లినక్స్ కిట్టును అమ్మింది. ఐరోపాలో ప్లేస్టేషన్ 2తో ఇచ్చిన డిస్కులో యాబేసిక్‌ను చేర్చడానికి, యంత్రం కంప్యూటరుగా వర్గీకరించబడితే దిగుమతి సుంకం తగ్గుతుందన్న ఆశ ఒక కారణమని చెబుతారు.

2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో వేరొక ఆపరేటింగ్ సిస్టమును స్థాపించుకొనే వీలు ఉండేది. 2010 ఏప్రిల్ 1న విడుదలైన నవీకరణ ద్వారా సోనీ ఈ సదుపాయాన్ని తొలగించింది. అమెరికాలో వినియోగదారులు వ్యాజ్యం వేయగా సంస్థ పరిహారం చెల్లించడానికి అంగీకరించింది. ఆట యంత్రాన్ని కంప్యూటరుగా కూడా అమ్మినప్పుడు, ఆ రెండవ వాగ్దానానికి తయారీదారు ఎంతవరకు బాధ్యుడన్న ప్రశ్న ఇంటెలివిజన్ నాటి నుండి ఈ విధంగా కొనసాగుతూ వచ్చింది.

కాలక్రమం

1978: ఒడిస్సీ 2, బాలీ బేసిక్ విడుదల.
1979: ఏపీఎఫ్ ఇమాజినేషన్ మెషిన్ విడుదల.
1982: ఇంటెలివిజన్ కీబోర్డు కాంపొనెంటు రద్దు.
1983: కంప్యుమేట్, ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటర్ సిస్టమ్, ఫిలిప్స్ సీ7420, కొలెకో ఆడమ్ విడుదల.
1984: ఫ్యామిలీ బేసిక్ విడుదల. మ్యాటెల్ ఎలక్ట్రానిక్స్ విభాగం మూత.
1985: ఆడమ్ ఉత్పత్తి నిలిపివేత. అడ్వాన్స్‌డ్ వీడియో సిస్టమ్ ప్రదర్శన.
1987: అటారీ ఎక్స్ఈ గేమ్ సిస్టమ్ విడుదల.
2002: ప్లేస్టేషన్ 2 లినక్స్ కిట్టు అమెరికా, ఐరోపాలలో విడుదల.
2009: ప్లేపవర్ పథకానికి మెక్ఆర్థర్ ఫౌండేషన్ సహాయం.
2010: ప్లేస్టేషన్ 3 నుండి ఇతర ఆపరేటింగ్ సిస్టముల సదుపాయం తొలగింపు.